పాలు పితికే మిషన్: కొనేది ఒకసారి, కడిగేది రోజూ రెండు పూటలా

మిషన్ పెట్టి ఒక గేదె పాలు తీయడానికి 6 నుంచి 8 నిమిషాలు పడుతుంది. అదే మిషన్‌ని తర్వాత సరిగ్గా కడగాలంటే 25 నిమిషాలు పడుతుంది, అదీ చేయి తిరిగాక. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, సంక్రాంతి అయినా, ఇంట్లో పెళ్ళయినా, ఒంట్లో బాగోకపోయినా. మోటారు ఎన్ని హెచ్‌పీ, బకెట్ ఎన్ని లీటర్లు, ధర ఎంత అని అందరూ అడుగుతారు గానీ, దీన్ని విప్పి కడగడానికి ఎంతసేపు పడుతుంది అని అడిగినవాళ్ళని నేను ఇంతవరకూ చూడలేదు. మేమూ అడగలేదు.

మాది కోనసీమలో కొత్తపేట దగ్గర పల్లెటూరు. నాలుగు ముర్రా గేదెలు, ఒక జెర్సీ ఆవు. పాలు తీసే అతను పిల్లల దగ్గరికి హైదరాబాద్ వెళ్ళిపోయాక మా వదినే రెండు పూటలా పితికేది. బొటనవేలు మడిచి పితకడం ఆవిడకి చిన్నప్పటి అలవాటు, ఏడాది తిరిగేసరికి మణికట్టు వాచిపోయి గ్లాసు కూడా పట్టుకోలేని పరిస్థితి వచ్చింది. ఆ టెన్షన్‌లో హడావుడిగా మిషన్ కొన్నాం. మొదటి రెండు నెలల్లో రెండు గేదెలకి పొదుగువాపు వచ్చింది, పాల కేంద్రంలో ఒక పూట పాలు కాచి చూస్తే విరిగిపోయాయని వెనక్కి పంపేశారు. మిషన్ మంచిది కాదనుకున్నాం. పశువుల డాక్టరు గారు వచ్చి చూసి, చన్నుకి తగిలించే కప్పులో రబ్బరు లోపలికి వేలు పోనిచ్చి, ఆ వేలు నా ముక్కు దగ్గర పెట్టారు. పులిసిన వెన్న వాసన. ఆ రోజు నుంచి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు అసలు మీకు మిషన్ కావాలా అన్నది చూసుకోండి. ఒక్క గేదె, అదీ పూటకి మూడు నాలుగు లీటర్లు ఇచ్చేది ఉంటే వద్దు. చేత్తో పితికి, బకెట్ తోముకుని, కాఫీ తాగేసినా ఇంకా మిషన్ కడిగే టైము మిగిలే ఉంటుంది. పాలిచ్చేవి మూడు నాలుగు దాటితేనో, పితికే చేతులు ఇక సహకరించకపోతేనో అప్పుడు అర్థముంది. పాలిచ్చేవి అని ఎందుకంటున్నానంటే, పాకలో ఆరు ఉన్నా సూడివీ ఒట్టిపోయినవీ తీసేస్తే కొన్ని నెలలు రెండే మిగులుతాయి, లెక్క వాటితోనే వేసుకోవాలి.

ఇక మిషన్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఏది కొనాలన్నది సగం తేలిపోతుంది. చాలామంది అది పాలని లాగేసే పంపు అనుకుంటారు. దూడ నోట్లో వేలు పెట్టి చూడండి. లాగుతుంది, నాలుకతో అంగిటికేసి నొక్కుతుంది, వదులుతుంది, మళ్ళీ లాగుతుంది. ఆ నొక్కి వదలడం చాలా ముఖ్యం. చన్ను కొసన రంధ్రాన్ని బిగించి ఉంచే కండరం ఒకటి ఉంటుంది. లాగినప్పుడు అది తెరుచుకుని పాలు వస్తాయి, కానీ ఆపకుండా లాగుతూనే ఉంటే రక్తం, నీరు చన్ను కొసకి చేరి అక్కడే నిలిచిపోతాయి, చన్ను ఉబ్బి గట్టిపడుతుంది, గేదెకి నొప్పి పుడుతుంది, తన్నుతుంది. స్కాట్లాండ్‌లో విలియం మర్చ్‌లాండ్ 1889లో పేటెంట్ తీసుకున్న మిషన్ ఇలా ఆగకుండా లాగేదే. 1895లో గ్లాస్గోలో అలెగ్జాండర్ షీల్స్ లాగి వదిలే పద్ధతి తెచ్చాడు. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే ఒక కప్పులో రెండు అరలు ఉండే ఏర్పాటు వచ్చింది, ఇప్పటికీ మనం వాడేది అదే.

ఆ రెండు అరలు ఏంటంటే, బయట స్టీలు కప్పు, లోపల మెత్తటి రబ్బరు గొట్టం, ఈ రెంటికీ మధ్య ఖాళీ. రబ్బరు లోపల, చన్ను కింద, ఎప్పుడూ లాగుడు ఉంటుంది. మధ్య ఖాళీలోంచి కూడా గాలి లాగేస్తే రబ్బరు విచ్చుకుని నిలబడుతుంది, పాలు వస్తాయి. ఆ ఖాళీలోకి గాలి వదిలితే రబ్బరు ముడుచుకుని చన్నుని పట్టి నొక్కుతుంది, పాలు ఆగుతాయి, కొసకి చేరిన రక్తం వెనక్కి వెళ్తుంది. ఇలా గాలి లాగడం, వదలడం చేసే చిన్న పరికరం పల్సేటర్. నిమిషానికి 60 సార్లు అటూ ఇటూగా కొట్టాలి, ప్రతి సారీ నూటికి 60 వంతులు పాలు వచ్చే సమయం, 40 వంతులు నొక్కే సమయం ఉండాలి. గేదెలకి కొన్ని మిషన్లలో 65, 35 పెడతారు.

కాబట్టి కొనడానికి వెళ్ళినప్పుడు మొట్టమొదట చూడాల్సింది మోటారు కాదు, కప్పు. ఒక్కో కప్పుకి రెండు గొట్టాలు ఉండాలి, ఒకటి పాలకి, ఒకటి పల్సేటర్ గాలికి. ఒకే గొట్టం ఉంటే అది ఎంత చవకగా వచ్చినా తీసుకోకండి, అందులో చన్నుని నొక్కి వదిలే ఏర్పాటు లేనట్టే. రెండు గొట్టాలు ఉంటే మిషన్ ఆన్ చేయించి, మిగతా మూడు కప్పులు మూసి, ఒక కప్పులో మీ బొటనవేలు పెట్టండి. పట్టి వదులుతున్నట్టు స్పష్టంగా తెలియాలి. ఫోన్‌లో టైము పెట్టుకుని నిమిషంలో ఎన్నిసార్లు పడుతోందో లెక్కపెట్టండి. అమ్మేవాళ్ళు ఏమీ అనుకోరు, అనుకున్నా పర్లేదు, నొప్పి పడేది మన గేదె. పల్సేటర్లలో గాలితో నడిచేవి ఉన్నాయి, కరెంటుతో నడిచేవి ఉన్నాయి. కరెంటువి లెక్క తప్పకుండా కొడతాయి. గాలివి బాగు చేసుకోవడం తేలిక గానీ పాకలోని ఊక దుమ్ము, మన గాలిలోని చెమ్మ పట్టి నెమ్మదిస్తాయి, వాటి ఫిల్టర్ వారానికి ఒకసారైనా దులపాలి.

తర్వాత గేజ్. వాక్యూమ్, అంటే ఆ గాలి లాగుడు, ఎంత ఉందో చూపించే గడియారం లాంటిది. అది లేకపోతే కళ్ళకి గంతలు కట్టుకుని బండి నడిపినట్టే. ఒకదానిమీద కిలోపాస్కల్ అని, ఇంకోదానిమీద పాదరసం అంగుళాలు అని, మరోదానిమీద మిల్లీమీటర్లు అని ఉంటుంది కాబట్టి ఈ లెక్క గుర్తుపెట్టుకోండి: 50 కిలోపాస్కల్ అంటే దాదాపు 15 అంగుళాలు, దాదాపు 375 మిల్లీమీటర్లు. బకెట్ మిషన్‌తో ఆవుకి 40 నుంచి 45 కిలోపాస్కల్ దగ్గర పెట్టుకుంటే సరిపోతుంది. గేదె చన్ను కొసన కండరం ఆవుకన్నా బిగువు, అందుకని ఇంకొంచెం ఎక్కువ, 45 నుంచి 50 మధ్య అవసరమవుతుంది. పాలు రావట్లేదని దీన్ని 55, 60కి తిప్పేయడం మన దగ్గర చాలామంది చేస్తున్న పని. మేమూ చేశాం. కప్పు తీశాక చన్ను ఎర్రగానో నీలంగానో ఉన్నా, పైన ఉంగరం తొడిగినట్టు గీత పడినా, కొస గట్టిగా తెల్లగా మందం కట్టినా వాక్యూమ్ ఎక్కువైందనో, రబ్బరు సైజు కుదరలేదనో, పాలు అయిపోయాక కూడా కప్పు ఉంచేశామనో అర్థం.

రబ్బరు సైజు సంగతి వేరుగా అడగాలి. గేదె చన్నులు పొడుగు, ఆవుకి చేసిన రబ్బరులో కొస కిందికి దిగిపోయి రబ్బరు సరిగ్గా ముడుచుకోదు. వదులైతే కప్పు జారి గాలి లాగుతూ ఈల వేస్తుంది, ఆ గాలితోపాటు ఒక చన్ను దగ్గర ఉన్న క్రిమి ఎగిరి ఇంకో చన్నులోకి పోతుంది. మాకు ఆవుకీ గేదెలకీ ఒకటే సెట్టు ఇచ్చి పంపారు, విడివిడిగా ఉంటాయని మాకు తెలియదు.

నాలుగు కప్పుల పాలు కలిసే చోటుని క్లా అంటారు. అది పాలు కనిపించేలా పారదర్శకంగా ఉంటే మంచిది, పాలు ఎప్పుడు ఆగాయో కళ్ళతో చూసి మిషన్ ఆపచ్చు. దానికి సూది మొన అంత చిన్న రంధ్రం ఉంటుంది. తయారీలో లోపం అనుకుని దాన్ని ఎంసీల్‌తో మూసేసిన ఆయన ఒకాయన మా పక్క ఊళ్ళోనే ఉన్నారు. ఆ రంధ్రంలోంచి వచ్చే కాస్త గాలే పాలని బకెట్ వైపు నెడుతుంది. అది మూసుకుపోతే పాలు క్లాలోనే నిండిపోయి తిరిగి చన్నులకి తగులుతుంటాయి. కడిగినప్పుడల్లా అది తెరిచి ఉందో లేదో చూడాలి, సన్నటి తీగతో తీయచ్చు గానీ పెద్దది చేయకూడదు.

బకెట్ 304 గ్రేడు స్టీలుదై ఉండాలి. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలే అని చెప్తారు, అది నమ్మకండి, తక్కువ రకం 200 గ్రేడు స్టీలుకి కూడా అయస్కాంతం అంటుకోదు. బిల్లు మీద గ్రేడు రాయించుకోవడమే దారి. అల్యూమినియం అసలు వద్దు, కడగడానికి వాడే క్షారం దాన్ని తినేస్తుంది. మూత తీస్తే మోచేయి దాకా చేయి లోపలికి పోవాలి. అతుకుల దగ్గర వేలితో తడిమితే గరుకు తగలకూడదు, గరుకు ఉన్నచోట పాలు దాక్కుంటాయి. ఇంకా ఒకటి చేయండి, కొనే చోటే కప్పులు, క్లా, మూత మొత్తం మీ చేత్తో విప్పి మళ్ళీ బిగించండి. పానా కావాల్సిన మిషన్ అయితే నెల తర్వాత ఎవరూ విప్పరు.

గాలి లాగే పంపు గురించి రెండు మాటలు చాలు. లోపల కందెనగా ఆయిల్ పోసేది ఎక్కువ కాలం వస్తుంది, చప్పుడు తక్కువ, కానీ ఆయిల్ మట్టం రోజూ చూడాలి, దాని పొగ పాకలోకి రాకూడదు. ఆయిల్ లేనిది శుభ్రం, కానీ వేడెక్కుతుంది, లోపలి రెక్కలు అరిగిపోతాయి. ఏదైనా సరే పంపుకి ముందు నీళ్ళు, పాలు ఆపే చిన్న డబ్బా ఉండి తీరాలి, లేకపోతే బకెట్ పొంగిన రోజున పాలు పంపులోకి పోయి బిగుసుకుపోతుంది.

ఇప్పుడు గేదె సంగతి, ఎందుకంటే మిషన్ ఆవుని చూసి చేసిన వస్తువు. ఆవు పొదుగులో దాదాపు ఐదో వంతు పాలు కిందికి దిగి సిద్ధంగా ఉంటాయి. గేదెకి దిగి ఉండేవి నూటికి ఐదు వంతులే, మిగతావన్నీ పైన కణాల్లో ఉంటాయి, చేపుకి వస్తేనే దిగుతాయి. చేపకుండా కప్పులు తగిలిస్తే ఖాళీ చన్నుల్ని లాగుతున్నట్టే. దూడని వదలాలో, దాణా పెట్టాలో, పొదుగు నిమరాలో, ఏది అలవాటైతే అది చేసి, చన్నులు కడిగి, ఒక్కో గేదెకి వేరే గుడ్డతో తుడిచి, రెండు మూడు ధారలు నల్ల గిన్నెలోకి పితికి ముక్కలు ముక్కలుగా ఉన్నాయేమో చూసి, నిమిషం రెండు నిమిషాలు ఆగితే చన్నులు నిండి బిగుస్తాయి. అప్పుడు తగిలించాలి. భయపడితే చేపు ఆగిపోతుంది కాబట్టి మిషన్ కొన్న మొదటి వారం కప్పులు తగిలించకుండా దాణా తినేటప్పుడు ఊరికే మోటారు ఆన్ చేసి వదిలేయండి, ఆ చప్పుడుకి అలవాటు పడతాయి. చేపడం కోసం సూది మందు పొడిచే పద్ధతి జోలికి మాత్రం పోకండి, పాలిచ్చే పశువుకి హాని చేసే అలాంటి ఇంజెక్షన్ 1960 జంతు హింస నివారణ చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం నేరం, పైగా దానికి అలవాటు పడ్డ గేదె అది లేకుండా చేపదు.

పాలు ఆగాక ముందు వాక్యూమ్ ఆపి, రెండు సెకన్లు ఆగి, కప్పులు వాటంతట అవి జారుతుంటే పట్టుకోవాలి. వాక్యూమ్ ఉండగా గుంజకూడదు. తర్వాత ప్రతి చన్నునీ అయోడిన్ మందులో ముంచి, ముందు గడ్డి వేయాలి. చన్ను రంధ్రం మూసుకోవడానికి అరగంట దాకా పడుతుంది, ఆ అరగంట గేదె పేడలో పడుకోకుండా నిలబడి మేస్తూ ఉండాలి. పొదుగువాపు ఉన్నదానికి మిషన్ పెట్టకండి. దాన్ని ఆఖరున చేత్తో పితికి, ఆ పాలు విడిగా ఉంచాలి.

ఇక కడగడం. పాలలో మూడు రకాల మురికి ఉంది, మూడూ మూడు రకాలుగా వదులుతాయి. మాంసకృత్తులు వేడికి ఉడికి అంటుకుపోతాయి, గుడ్డు పెనానికి అంటుకున్నట్టు. వెన్న చల్లటి నీళ్ళకి గడ్డకడుతుంది, వేడికీ క్షారానికీ కరుగుతుంది. ఖనిజాలు రెంటికీ లొంగవు, పళ్ళకి గార పట్టినట్టు పట్టి పులుపుకే వదులుతాయి. మన గేదె పాలలో వెన్న 6, 7 శాతం పైనే ఉంటుంది, ఆవు పాలకి దాదాపు రెట్టింపు, కాబట్టి ఆవు మిషన్‌కి సరిపోయిన కడుగుడు గేదె మిషన్‌కి చాలదు. మా అమ్మమ్మ దాలి మీద పాలు కాచిన కుండని ముందు మామూలు నీళ్ళతో తొలిచి, తర్వాత మరిగే నీళ్ళు పోసి, ఎండలో బోర్లించేది. వరస అదే. మనం చేసే తప్పల్లా వరస తప్పడం.

ఆఖరి గేదె అయిపోగానే, పాలు కేంద్రానికి తీసుకెళ్ళి వచ్చాక కాదు, అప్పుడే, గోరువెచ్చటి నీళ్ళతో మొదటి కడుగుడు. 40 డిగ్రీలు, అంటే చేయి పెడితే హాయిగా ఉండాలి. వేరే బకెట్‌లో నీళ్ళు పెట్టి, మిషన్ ఆన్ చేసి, కప్పులు అందులో ముంచితే మిషనే లాక్కుంటుంది. ముంచుతూ, తీస్తూ ఉండండి, నీళ్ళ మధ్యలో గాలి పోతే గొట్టాల్లో ఎగిసి పడి బాగా రాసి కడుగుతుంది. పాల బకెట్ సగానికి మించి నిండనివ్వకండి, నీళ్ళు పంపులోకి పోతాయి. బయటికి వచ్చే నీళ్ళు తెల్లదనం పోయేదాకా ఇలా చేయాలి.

రెండోది వేడి నీళ్ళు, క్షారం ఉండే డైరీ వాషింగ్ పౌడరు. మొదలుపెట్టేటప్పుడు 60 నుంచి 70 డిగ్రీలు, చేయి పెట్టలేనంత. 8, 10 నిమిషాలు తిప్పాలి, నీళ్ళు 40కి చల్లారకముందే పారబోయాలి, చల్లారితే వదిలిన వెన్న మళ్ళీ గొట్టాలకే అంటుకుంటుంది. అంట్లు తోమే లిక్విడ్ వద్దు, నురగ వచ్చి పంపుదాకా పోతుంది, దాని సెంటు వాసన రబ్బరుకి పట్టి పాలకి వస్తుంది. కప్పులు, క్లా విప్పి బ్రష్‌తో తోమాలి, రబ్బరుకొక బ్రష్, సన్న గొట్టాలకి ఇంకో బ్రష్. కొబ్బరి పీచు, బూడిద, స్టీలు పీచు ముట్టకండి, ఆ గీతల్లో క్రిములు ఇళ్ళు కట్టుకుంటాయి. తర్వాత మంచి నీళ్ళతో తొలవాలి.

మూడోది పులుపు. ఇత్తడి బిందెకి చింతపండు ఏం చేస్తుందో, గారకి యాసిడ్ అదే చేస్తుంది. డైరీలకి అమ్మే ఫాస్ఫారిక్ యాసిడ్ మందు డబ్బా మీద రాసిన కొలతలో, మామూలుగా వారానికి ఒకసారి. ఇక్కడ మన నీళ్ళ సంగతి చెప్పాలి. అంతర్వేది, సఖినేటిపల్లి వైపు సముద్రం దగ్గర బోరు నీళ్ళు ఉప్పు, చాలాచోట్ల గరుకు నీళ్ళు, టీ కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కట్టే నీళ్ళయితే వారానికి మూడుసార్లు యాసిడ్ పెట్టాలి, పౌడరు కూడా కాస్త ఎక్కువ పడుతుంది. పంట కాలువ నీళ్ళు మెత్తనే, కానీ వాటిలో గేదెలూ దిగుతాయి, ఊళ్ళ మురుగూ కలుస్తుంది, కాచకుండా మిషన్ తొలవడానికి వాడకండి. వేసవిలో కాలువలు కట్టేశాక చెరువు నీళ్ళకీ ఇదే మాట.

నాలుగోది పాలు తీయడానికి కాసేపటి ముందు. కడిగి పెట్టిన మిషన్‌లో మిగిలిన నాలుగు క్రిములు మన ఉక్కలో 20 నిమిషాలకి ఒకసారి రెట్టింపు అవుతూ పోతే సాయంత్రానికి లెక్కకి అందవు. 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం లీటరు నీళ్ళకి 4 మిల్లీలీటర్లు కలిపితే 200 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో 200 వంతుల క్లోరిన్ వస్తుంది, ఆ నీళ్ళు ఒకసారి మిషన్‌లో తిప్పి పూర్తిగా వంపేయాలి. మురికి ఉన్న మిషన్‌లో క్లోరిన్ పోసి ప్రయోజనం లేదు, మురికే దాన్ని తినేస్తుంది. ఇది బాగా గుర్తుంచుకోండి: యాసిడ్, క్లోరిన్ ఎప్పుడూ ఒకదాంట్లో ఒకటి కలవకూడదు. విషవాయువు పుడుతుంది, మూసి ఉన్న గదిలో ప్రాణం మీదికి వస్తుంది. రెండు డబ్బాలు రెండు చోట్ల పెట్టండి, పిల్లలకి అందని ఎత్తులో.

కడిగాక స్టీలు బకెట్ ఎండలో బోర్లించవచ్చు, రబ్బర్లు మాత్రం నీడలోనే, నీళ్ళు కారేలా కిందికి వేలాడదీయాలి. ఎండకి రబ్బరు పగుళ్ళు తీస్తుంది. కంటికి కనపడని పగులు ఎలా తెలుస్తుందంటే, పల్సేటర్ గాలి గొట్టంలో పాల చుక్క కనిపిస్తుంది. అది కనిపించిన రోజే రబ్బరు మార్చి, ఆ గొట్టం, పల్సేటర్ కూడా శుభ్రం చేయాలి, ఎందుకంటే రోజూ కడిగే దారిలో అవి లేవు.

బాగున్నట్టు కనిపించినా రబ్బరుకి గడువు ఉంది, 2500 పితుకుళ్ళు లేదా 6 నెలలు, ఏది ముందైతే అది. నాలుగు గేదెలకి రెండు పూటలా అంటే రోజుకి 8, అలా లెక్కేస్తే 2500కి పది నెలలు పడుతుంది, కానీ ఆరు నెలలకే వెన్న పీల్చి ఉబ్బి, మెత్తదనం పోయి, సరిగ్గా నొక్కడం మానేస్తుంది. అందుకే కొనేటప్పుడే రెండో సెట్టు రబ్బర్లు తీసుకోండి, అవి మీ దగ్గరి టౌన్‌లో దొరుకుతాయో లేదో ముందే కనుక్కోండి. ఇంకో ఊరి నుంచి తెప్పించాలంటే మనం గడువు దాటించేస్తాం.

కరెంటు మాట మిగిలింది. ముప్పావు హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు తీసుకునేదానికి స్టార్ట్ అయ్యేటప్పుడు ఐదారు రెట్లు లాగుతుంది, ఇంట్లో ఫ్యాన్లకి పెట్టిన ఇన్వర్టర్ దాన్ని మోయదు. తుఫాను వస్తే మనకి రోజుల తరబడి కరెంటు ఉండదు. చిన్న జనరేటర్ పెట్టుకుంటే మంచిదే, లేనివాళ్ళు వారానికి ఒక పూటైనా ఒక్కో గేదెని చేత్తో పితుకుతూ ఉండండి, గేదె చేతిని మరిచిపోకుండా. మా వదిన మణికట్టు ఇప్పుడు బాగానే ఉంది, ఆదివారం సాయంత్రం ఒక గేదెని ఆవిడే పితుకుతుంది, ఈసారి బొటనవేలు మడవకుండా, నిండు పిడికిలితో. పాక గుంజ మీద బొగ్గుతో రబ్బర్లు మార్చిన తేదీ రాసి ఉంది, పక్కనే మళ్ళీ ఎప్పుడు మార్చాలో అది కూడా.